సర్ థామస్ మన్రో: దత్త మండలాల దొర

సర్ థామస్ మన్రో (27 మే 1761 – 6 జూలై 1827) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో మామూలు కాడెట్‌గా చేరి మేజర్ జనరల్ దాకా ఎదిగిన స్కాట్లండ్ సైనికుడు. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా, 1820 నుంచి చనిపోయేదాకా మద్రాసు గవర్నరుగా పనిచేశాడు. రైత్వారీ పద్ధతిని నిలబెట్టినవాడిగా చరిత్ర పుస్తకాల్లోను, దేవుడి దర్శనం దొరికిన దొరగా రాయలసీమ పల్లెకథల్లోను ఆయన పేరు మిగిలింది. ఈ ఇద్దరి మధ్య ఇంకొక మన్రో ఉన్నాడు. పాలెగాళ్ళ కోటలు కూల్చినవాడు, శిస్తు తగ్గించమని పైవాళ్ళను అడిగి కాదనిపించుకున్నవాడు, పదమూడేళ్ళ తర్వాత తానే గవర్నరై వచ్చి ఆ తగ్గింపు ఇచ్చినవాడు. ఈ వ్యాసం ఎక్కువసేపు ఆగేది ఆ మూడో మనిషి దగ్గరే.

బాల్యం, సైన్యంలో చేరిక

మన్రో పుట్టింది గ్లాస్గోలో. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. ఆనాటి గ్లాస్గో సంపదకు వర్జీనియా పొగాకే ఆధారం. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడి యుద్ధానికి దిగేసరికి ఆ వ్యాపారం కుప్పకూలింది, మన్రోల కుటుంబం చితికిపోయింది. ఇల్లు గడవడానికి కొడుకు దేశాంతరం పోక తప్పలేదు. అమెరికాలో ఆ యుద్ధమే రాకపోతే రాయలసీమకు మన్రో వచ్చేవాడు కాదు.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లోనే, డాన్ క్విక్సోట్ కథను మూలంలో చదవాలన్న కోరికతో స్పానిష్ భాష నేర్చుకున్నాడు. చిన్నప్పుడు తట్టు పోసి వినికిడి కొంత తగ్గింది, ఆ లోపం జీవితాంతం ఉండిపోయింది. 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. ఆ ఏడాదే మైసూరు పాలకుడు హైదర్ అలీ కర్నాటిక్ (ఆర్కాటు నవాబు సీమ) మీద విరుచుకుపడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ సేన తుడిచిపెట్టుకుపోయినప్పుడు, కొద్ది మైళ్ళ దూరంలో కంచి దగ్గరున్న హెక్టర్ మన్రో సైన్యంలో ఈ కుర్ర మన్రో ఉన్నాడు. పేరు ఒకటే కాని ఇద్దరికీ బంధుత్వం లేదు. కంపెనీ సైన్యానికి ఓటమి ఎంత దగ్గరగా వచ్చి పోగలదో పంతొమ్మిదో ఏటనే చూసిన మనిషి అన్నమాట. తర్వాత కొంతకాలం సేనాని అయిర్ కూట్ కింద పనిచేసి, 1784 దాకా యుద్ధంలోనే గడిపాడు.

ఖాళీ దొరికినప్పుడల్లా పారశీకం, హిందుస్తానీ చదివాడు. షేక్‌స్పియర్ వెనిస్ వర్తకుడి కథను పోలిన ఒక పారశీక కథ కంటబడితే ఇంగ్లీషులోకి మార్చాడు. దాన్ని 1790లో మలోన్ తన షేక్‌స్పియర్ ప్రచురణలో చేర్చాడు. ఈ భాషల చదువే మన్రోను తుపాకీ పని నుంచి కచేరీ పనికి మళ్ళించింది. 1792లో టిప్పు సుల్తాను నుంచి బారామహల్ (ఇప్పటి సేలం, కృష్ణగిరి ప్రాంతం) కంపెనీ చేతికి వచ్చినప్పుడు, దాని పాలన కోసం కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద నియమించిన సైనికాధికారుల్లో మన్రో ఒకడు. మధ్యలో జమీందారు గాని గుత్తేదారు గాని లేకుండా, రైతు పేరునే భూమి రాసి, రైతు చేతి నుంచే శిస్తు తీసుకునే పద్ధతి అక్కడే రూపు కట్టింది. దానికి పునాది వేసినవాడు రీడ్ అని మరిచిపోకూడదు. మన్రో దాన్ని నమ్మి, పెంచి, ముప్పై ఏళ్ళు దాని కోసం వాదించాడు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఏడాదికి పైగా కెనరా (కన్నడ) జిల్లాలో కలెక్టరుగా చేశాడు. ఆ ఉద్యోగం ఆయనకు నచ్చలేదు.

దత్త మండలాలు

1792, 1799 పంపకాల్లో టిప్పు రాజ్యం నుంచి నిజాముకు దక్కిన సీమలను, తన రాజ్యంలో ఉంచుకున్న ఇంగ్లీషు పటాలాల ఖర్చు కింద నిజాము 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో కంపెనీకి రాసిచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప సీమలు, కర్నూలు జిల్లాలో చాలా తాలూకాలు అందులోవే. కర్నూలు నవాబు గడ్డ మాత్రం 1839 దాకా విడిగా ఉంది. ఇచ్చినవాడి వైపు నుంచి ఇవి దత్త మండలాలు. ఆ పేరు వినడానికి బాధగా ఉందనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు సూచించారు.

అనంతపురం కేంద్రంగా, నలుగురు సబ్ కలెక్టర్లతో మన్రో పని మొదలుపెట్టాడు. ఆదోని వైపు చూసిన విలియం థాకరే వాళ్ళలో ఒకడు. నవలాకారుడు థాకరేకు ఇతను పెదనాన్న వరస. మండలాల నిండా చిన్నాపెద్దా ఎనభై మంది పాలెగాళ్ళు, ఒక్కొక్కరికీ కోట, బంట్లు, కావలి హక్కులు. నిజాము అమీనులు ఫిరంగులతో వస్తే తప్ప వీళ్ళు కప్పం కట్టేవాళ్ళు కారు. మన్రో వాళ్ళను బతిమాలలేదు. కట్టలేనంత పేష్కషు (కప్పం) వేసి, కట్టనివాళ్ళ మీదికి జనరల్ కాంప్‌బెల్ సైన్యాన్ని పంపాడు. కొందరు అడవులు పట్టారు, కొందరు ఖైదులో పడ్డారు, లొంగినవాళ్ళకు తవర్జీ పేరుతో నెలనెలా కొంత డబ్బు ముట్టజెప్పారు. ఇంత కఠినం ఎందుకని లండన్‌లోని డైరెక్టర్లే తప్పు పట్టారు. సంస్థానం చేతిలో ఉన్నంతకాలం పాలెగాడు దండు మానడు, వాడి కింద రైతు బాగుపడడు అని మన్రో జవాబు.

ఈ విధానం ఎలా పనిచేసిందో తెర్నేకల్లు చూపిస్తుంది. ఇప్పటి కర్నూలు జిల్లాలో ఉన్న ఈ ఊరు 1801లో శిస్తు పేచీతో ముత్తుకూరు గౌడప్ప నాయకత్వంలో తిరగబడి కోట తలుపులు మూసుకుంది. కంపెనీ సేన మొదటి దాడిని ఊరివాళ్ళు తిప్పికొట్టారు. పెద్ద ఫిరంగులు తెప్పించి గోడ పడగొట్టాక కాని కోట చిక్కలేదు. గౌడప్పను ఉరితీశారు. మన్రోను పొగిడే పుస్తకాలు చాలామటుకు తెర్నేకల్లును ఒక వాక్యంలో దాటిపోతాయి. అది సరికాదు. రైతుకు పట్టా ఇచ్చిన చెయ్యి, ఆ ఊరి మీద ఫిరంగి పెట్టించిన చెయ్యి ఒక్కటే. ఆ గాయాలు తొందరగా మానలేదు కూడా. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి సంస్థానం పోయాక, తవర్జీ మీద బతికే స్థితికి దిగిన ఆ వంశంలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అప్పటికి మన్రో పోయి పందొమ్మిదేళ్ళు.

గొలుసు, గుంట, పట్టా

పాలెగాళ్ళు అణిగాక మన్రో అసలు పని మొదలైంది. ఏడేళ్ళలో ఎక్కువ కాలం గుడారంలోనే గడిచింది, గుడారమే కచేరీ. ఊరి బయట చింతచెట్టు కిందో రావిచెట్టు కిందో రెడ్డి, కరణం, రైతులు కూర్చుంటే, ఏ చేను ఎవరు దున్నుతున్నారు, ఎంత పండింది, ఎద్దులున్నాయా, విత్తనం ఉందా అని అడిగేవాడు. వినికిడి తక్కువైన మనిషి ఇన్నేళ్ళపాటు పల్లె జనం గోడు వినడమే పనిగా పెట్టుకోవడం నన్ను కదిలించే విషయం.

1802లో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసు పట్టి పొలం పొలం కొలిచారు. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట, అంటే 1089 చదరపు అడుగులు. 40 గుంటలైతే ఎకరం. ఈ లెక్క రాయలసీమ ముసలి రైతుల నోట ఇంకా వినబడుతుంది. కొలిచేవాళ్ళ వెనకే మదింపు చేసేవాళ్ళు వచ్చి, మెట్ట, మాగాణి, తోట అని వేరుచేసి, ఒక్కొక్క రకంలో మళ్ళీ తరగతులు కట్టి శిస్తు నిర్ణయించేవాళ్ళు. ఏ నేల ఏ తరగతో ఊరి రెడ్డి, కరణం, రైతులు నలుగురిలో చెప్పాలి. ఒకడు తన చేను తక్కువ రకమని దబాయిస్తే పక్క చేనువాడు ఊరుకోడు కదా. ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో రైతు తనకు వద్దన్న పొలం వదిలేయొచ్చు, బంజరు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తేలిన లెక్కకు పట్టా ఇచ్చేవాళ్ళు. విత్తనాలకు, ఎద్దులకు తకావీ అప్పులు ఇచ్చేవాళ్ళు.

ఈ మదింపు చూసింది నాగలి దిగే లోతు వరకే. కడప సీమలో ఓబులవారిపల్లె మండలం మంగంపేట నేల కింద ఉన్న ముగ్గురాయి నిల్వ ప్రపంచంలోనే పెద్దదని, చమురు బావుల తవ్వకంలో వాడే ఆ రాయి కోసం దేశదేశాల నుంచి కొనుగోలుదారులు వస్తారని ఆనాటి దప్తరంలో ఎవరికీ తట్టే విషయం కాదు.  ఆ చుట్టుపట్ల నేలకు మెట్టో మాగాణో తోటో అన్న లెక్కే లెక్క. మన్రో కొలతల స్థానంలో 19వ శతాబ్దం రెండో సగంలో కొత్త సర్వే వచ్చింది. కాని ప్రతి చేనుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక పట్టాదారు అన్న ఆలోచన ఈ సీమలో పాదుకొన్నది ఆ గొలుసుతోనే.

ఇక శిస్తు మాట. ఏడేళ్ళలో దత్త మండలాల రాబడి ఏడాదికి సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. నడుమ కరువు కూడా వచ్చింది. అదే కాలంలో మరాఠాల మీద యుద్ధంలో ఉన్న ఆర్థర్ వెల్లస్లీ సేనకు ఈ కరువు సీమ నుంచే మన్రో ధాన్యం, ఎద్దులు పంపాడు. అస్సాయి యుద్ధం ఎలా గెలిచాడో వెల్లస్లీ ఆయనకు పెద్ద ఉత్తరం రాశాడు. సర్వే శిస్తు పంటలో దాదాపు 45 శాతం. ఇది మోయలేని బరువని మన్రోకే తెలుసు. 1807 ఆగస్టులో వెళ్ళిపోయే ముందు రాసిన నివేదికలో శిస్తు మొత్తం మీద 25 శాతం, బావుల కింద, ఎత్తి పోసుకునే నీటి కింద సాగయ్యే భూములకు ఇంకో 8 శాతం తగ్గించమన్నాడు. ప్రభుత్వానికి పంటలో మూడో వంతు మించకుండా ఉంటేనే భూమికి విలువ కడుతుంది, రైతు దాన్ని సొంత ఆస్తిగా చూసుకుంటాడు, కొంటాడు, అమ్ముతాడు అని ఆయన వాదన. ఖజానా ఒప్పుకోదని మద్రాసు ప్రభుత్వం తోసిపుచ్చింది. పైగా రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్ళకు ఊళ్ళను ముందు మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు గుత్తకిచ్చింది. గుత్తేదారులు రైతును పిండారు, వాళ్ళూ మునిగిపోయారు.

ఇంగ్లండు, మళ్ళీ మద్రాసు, మళ్ళీ యుద్ధం

1807 చివర్లో స్వదేశం వెళ్ళిన మన్రో, కంపెనీ చార్టర్ పునరుద్ధరణ మీద పార్లమెంటు విచారణ జరిగినప్పుడు 1813లో కామన్స్ సభ ముందు సాక్ష్యం చెప్పాడు. ఇంగ్లండు సరుకు హిందూదేశంలో బాగా అమ్ముడవుతుందా అని అడిగినవాళ్ళకు, తాను ఏడేళ్ళు కప్పుకున్న దేశవాళీ శాలువా అంతకాలం వాడాక కూడా పెద్దగా మాయలేదని, యూరపు శాలువా ఊరికే ఇచ్చినా తాను కప్పుకోనని చెప్పాడు. నాగరికతే రెండు దేశాల మధ్య సరుకైతే దిగుమతి చేసుకుని లాభపడేది ఇంగ్లండేనని కూడా అన్నాడు. కంపెనీ తరఫు మనిషి, ఆ సభలో నిలబడి అన్న మాటలివి.

1814లో జేన్ కాంప్‌బెల్‌ను పెళ్ళాడి ఆ ఏడాదే మద్రాసు తిరిగి వచ్చాడు. న్యాయపాలనను సంస్కరించే కమిషన్‌కు పెద్దగా, 1816 రెగ్యులేషన్లతో గ్రామ మునసబులకు చిన్న తగాదాలు తీర్చే అధికారం, పంచాయతీలకు గుర్తింపు, కలెక్టర్లకు పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలు తెచ్చిపెట్టాడు. శిస్తు వసూలు, పోలీసు ఒకే చేతిలో పెట్టడం మంచి పని కాదని నా అభిప్రాయం. శిస్తు కోసం రైతులను హింసించడం ఈ ప్రెసిడెన్సీలో ఎంత మామూలైపోయిందో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదికలో ఉంది. ఆ హింస మన్రో మనసులోది కాదు. కాని ఆయన కట్టిన కచేరీ లోపలే జరిగింది.

1817లో పీష్వాతో యుద్ధం రాగానే ఇరవై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్న ఈ సైనికుడు బ్రిగేడియర్ జనరల్‌గా మళ్ళీ కత్తి పట్టాడు. చేతిలో ఉన్న పటాలం చాలా చిన్నది. స్థానికులనే బంట్లుగా చేర్చుకుంటూ, గెలిచిన తాలూకాల శిస్తుతోనే జీతాలిస్తూ ధార్వాడ, బాదామి, బెళగావి కోటలు పట్టి, 1818 మేలో షోలాపూరు దాకా వెళ్ళాడు. మరుసటి ఏడు కామన్స్ సభలో జార్జి కానింగ్ ఆయన పేరెత్తి పొగిడాడు. 1819లో మేజర్ జనరల్ హోదా, సర్ బిరుదు వచ్చాయి. సైనికుడిగా ఆయన గొప్పదనానికి ఈ ఒక్క దండయాత్ర చాలు. ప్రజలు ఏ పాలకుడి మీద విసిగి ఉన్నారో చూసి అక్కడే అడుగు పెట్టడం ఆయనకు కచేరీ నేర్పిన విద్య.

గవర్నరు

1820 జూన్‌లో మద్రాసు గవర్నరుగా దిగాడు. ఆగస్టులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే కుర్ర ఉద్యోగి కడపలో చేరాడు. రాయలసీమ మరిచిపోలేని ఇద్దరు దొరలకూ ఒకే ఏడు కలిసొచ్చింది. దత్త మండలాల్లో గుత్తలు రద్దై రైత్వారీ తిరిగి వచ్చింది, 1807లో కాదన్న పాతిక శాతం తగ్గింపు ఇప్పుడు ఉత్తర్వుగా వెలువడింది. తోటలకు ఇంకా ఎక్కువ తగ్గింది. పదమూడేళ్ళ ఆలస్యంలో ఎన్ని బావులు పూడిపోయాయో, ఎందరు ఎద్దులమ్ముకుని వలస పోయారో లెక్క రాసినవాళ్ళు లేరు.

1822లో ఆయన వేసిన ఇంకొక లెక్క మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. ఊరి బడులు ఎన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు, పంతులుకు ఏం ముడుతోంది అని ప్రతి కలెక్టరును అడిగాడు. 1826లో తేలిన మొత్తం: కోటీ 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఇళ్ళలో చదువుకునేవాళ్ళు ఇందులో లేరు. దాని మీద ఆయన ప్రతి కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు, ప్రతి తాలూకాకు ఒక బడి, అంటే 40 పెద్దవి, 300 చిన్నవి పెట్టాలని పథకం వేశాడు. ఇంగ్లీషు రాకముందు మన పల్లెల్లో చదువు ఎలా ఉండేదన్న చర్చ ఎక్కడ జరిగినా ఈ అంకెలు రాక తప్పదు.

1824 డిసెంబరులో రాసిన దీర్ఘమైన మినిట్‌లో (అధికారిక అభిప్రాయ పత్రంలో), దేశంలోని పెద్ద ఉద్యోగాలన్నిటికీ దేశస్థులను దూరంగా ఉంచితే జాతి మొత్తం దిగజారుతుందని, అలా దిగజార్చడం కన్నా ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టడమే మేలని రాశాడు. ఈయనే దేశీయ పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వకూడదని గట్టిగా వాదించాడు కూడా. పరాయి సైన్యం మీద నిలిచిన రాజ్యంలో ఆ స్వేచ్ఛ సైన్యాన్నే కదిలిస్తుందని ఆయన భయం. బర్మా యుద్ధానికి చేసిన సాయానికి 1825లో బారొనెట్ బిరుదు వచ్చింది.

పత్తికొండ

1826లో భార్య, జబ్బుపడిన చిన్న కొడుకును తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది. మన్రో కూడా సెలవు కోరాడు, కాని తర్వాతి గవర్నరు లషింగ్టన్ రావడానికి ఆలస్యమైంది. ఆ వ్యవధిలో పాత సీమను చివరిసారి చూసి రావాలని 1827 మేలో బయలుదేరాడు. అప్పటికి దారిలో కలరా ఉంది. జూలై 4న గుత్తి, 6న పత్తికొండ. ఆ పొద్దున్నే కలరా సోకింది. అంటుకుంటుందేమోనని గుడారంలోంచి వెళ్ళిపొమ్మని పక్కవాళ్ళను బతిమాలాడు, వాళ్ళు వెళ్ళలేదు. మధ్యాహ్నం కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. మర్నాడు గుత్తిలో ఖననం చేశారు. 1831లో అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. చందాలతో చాంట్రీ అనే శిల్పి చేసిన గుర్రపు విగ్రహం 1839లో మద్రాసు ఐలండ్ మైదానం దగ్గర లేచింది. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు. చనిపోయినచోట, పత్తికొండలో, ప్రభుత్వం ఒక తోపు నాటించి రాతి బావి కట్టించింది. నీళ్ళులేని సీమలో మనిషి పేరున బావి తవ్వించడం కన్నా తగిన గుర్తు ఏముంటుంది?

జనం నోట

పల్లెలు ఆయన్ని తమ లెక్కలో కలుపుకున్నాయి. మండవ ఋషే మన్రోగా పుట్టాడన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయం మఠం మాన్యాల విచారణకు వచ్చినప్పుడు రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనకొక్కడికే కనిపించి మాట్లాడాడని కథ. వేంపల్లి దగ్గర పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే గండిలో, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకు, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనబడుతుందని నమ్మకం. చివరి ప్రయాణంలో మన్రో తలెత్తి ఆ తోరణం చూశానన్నాడని, పక్కవాళ్ళు గతుక్కుమన్నారని, తర్వాత పత్తికొండలో పోయాడని కడపవాళ్ళు చెప్పుకుంటారు. కడప జిల్లా పాత మాన్యువల్‌లోకి కూడా ఈ కథ ఎక్కింది.

తిరుమలలో స్వామికి పొంగలి నైవేద్యం పెట్టే ఒక పాత్రకు ఆయన పేరే ఉంది. కడుపునొప్పి తగ్గితే నైవేద్యం ఏర్పాటు చేస్తానని మొక్కుకుని, తగ్గాక దాని ఖర్చుకు గ్రామాల రాబడి కేటాయించాడని చెబుతారు. దాన్ని మన్రో గంగాళం అంటారు.